నల్లమూత

కళ్ళజోడు తీసేసుకున్నారు, ఉంగరం తీసేసుకున్నారు, జడపిన్నులు తీసేసుకున్నారు, ఒక కట్టుడు పన్ను ఉంటే దాన్నీ చిన్న డబ్బాలో వేయించి పైన నా నంబరు రాసుకుపోయారు, ఇక మిగిలింది నేనూ, నా పిత్తాశయంలో రాళ్ళూ. ముప్పై ఏళ్ళు బియ్యంలో రాళ్ళు ఏరినదాన్ని, లోపల పోగవుతున్న వాటిని మాత్రం కనిపెట్టలేకపోయాను. చక్రాల మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి, రెండో నంబరు థియేటర్ బయట గోడవారగా ఆపి, "పది పదిహేను నిమిషాలమ్మా, అంతే" అని నర్సు వెళ్ళిపోయింది. పదిహేను అయ్యాయో ముప్పై అయ్యాయో చెప్పే గడియారం ఎదుటి గోడకే ఉంది గానీ జోడు లేని నా కళ్ళకి అదొక తెల్లటి గుండ్రం, ముళ్ళూ లేవు, అంకెలూ లేవు. జోడు తీసేస్తే నాకు ఆకారాలన్నీ కరిగిపోయి రంగులే మిగులుతాయి. ఆకుపచ్చగా కదిలేవి మనుషులు, తెల్లగా కదలనివి గోడలు, రెండింటికీ మధ్య ఎప్పుడైనా పసుపు ఒకటి వెళితే అది చెత్త సంచి. పైకప్పు కిందుగా గోడ పొడుగునా మూడు గొట్టాలు పోతున్నాయి. అవి ఎక్కడ మొదలవుతాయో నాకు తెలుసు, ఏ తలుపు వెనక ఆగుతాయో తెలుసు, ఈ పొద్దున వాటి మొదట ఏం బిగించి ఉందో అదొక్కటే తెలియదు. ఇందాక మా ఆయన వచ్చి మంచం ఊచ పట్టుకుని నిలబడ్డారు. ఇరవై ఆరేళ్ళుగా ఈ ఆసుపత్రి గ్యాస్ గది ఆయన చేతుల్లోనే ఉంది. "భయపడకు, గాలి నేను కట్టిందే" అన్నారు. ఇంకో ఆడది అయితే ఆ మాటకి కుదుటపడేది. నాకు అరికాళ్ళు చల్లబడ్డాయి. నర్సు అది చలి అనుకుని మేజోళ్ళు తొడిగింది.

గ్యాస్ గది ఆసుపత్రి వెనక రేకుల షెడ్డు. లోపల ఎడమ వరసా, కుడి వరసా, మనిషెత్తు సిలిండర్లు, గొలుసులతో గోడకి కట్టి, దొంగల్ని నిలబెట్టినట్టు. ఒక వరస ఖాళీ కాగానే రెండోది తెరుస్తారు, అక్కణ్ణించి గాలి గొట్టాల్లో పడి థియేటర్లకి వస్తుంది. నాలుగు నెలల కిందట పైనుంచి కాగితం వచ్చింది, రంగులు మారాయని. అప్పటిదాకా నల్లది ఆక్సిజన్, నీలం మత్తు గ్యాస్, బూడిదరంగు నైట్రోజన్. ఇకనుంచి తెల్లది ఆక్సిజన్, నల్లది నైట్రోజన్, నీలం మాత్రం నీలమే. నైట్రోజన్ పాపం విషమేమీ కాదు, మనం పీల్చే గాలిలో ఎక్కువ వంతు అదేనట, ఇక్కడ ఎముకల థియేటర్లో డ్రిల్లు తిప్పడానికి వాడతారు. కాకపోతే అదొక్కటే పీలిస్తే మనిషికి ఉక్కిరిబిక్కిరి కూడా తెలియదట, నిద్ర ముంచుకొచ్చినట్టే ఉంటుందట, మూడు నిమిషాలు చాలట. ఈ సంగతి ఆయనే చెప్పారు, అన్నం తింటూ. అన్నం తింటూ ఇలాంటివి చెప్పడం ఆయనకో అలవాటు, మంచినీళ్ళు తాగుతూ వినడం నాకో అలవాటు. నిన్నటి వరకు పాత నల్ల ఆక్సిజన్ సిలిండర్లు కూడా, మెడకి స్టిక్కర్లు అంటించి, గదిలో కొన్ని ఉండేవి, నల్లది పట్టుకున్నా తప్పు కాని రోజులవి. నిన్నటితో అవి అయిపోయాయి. ఇవాళ్టినుంచి ఆ గదిలో నల్లగా కనిపించే ప్రతిదీ నైట్రోజనే. ఇవాళ పొద్దున అయిదున్నరకి నేను బట్టలు సంచిలో సర్దుకుంటుంటే మా ఆయన వరండాలో నిలబడి రాత్రి డ్యూటీ మనిషితో ఫోన్‌లో అంటున్నారు: "నల్లవి రెండు థియేటర్ల వైపు తోయించు, నేనొచ్చి బిగిస్తాను." టవలు మడత పెడుతున్న చేతులు అలాగే ఆగిపోయాయి. ఏ థియేటరు అని అడగాల్సింది. అడగలేదు. ఆపరేషన్ రోజు పొద్దున్నే మొగుడికి పరీక్ష పెట్టే ఆడదానిగా ఉండకూడదనుకున్నాను. ఆ ఉద్యోగం నెలన్నర కిందటే మానేశాను మరి.

పరీక్ష అంటే పావురాల మేడమ్ గుర్తొస్తుంది. కాలేజీలో మాకు మనస్తత్వశాస్త్రం చెప్పిన ఆవిడ, అసలు పేరు హాజరు పట్టీలో ఉండేదేమో, మాకు మాత్రం పావురాల మేడమే, ఎందుకంటే ఆవిడ ల్యాబులో నాలుగు పావురాలు ఉండేవి, అందులో ఒకదానికి ఒక కన్ను లేదు, అదే అన్నిట్లోకీ తెలివైంది. ఎర్ర దీపం వెలిగితే గుండ్రం బిళ్ళని పొడవాలి, పచ్చ దీపం వెలిగితే చదరాన్ని పొడవాలి, పొడిస్తే నాలుగు గింజలు. రెండు మూడొందల సార్లకి నేర్చేవి. అప్పుడు ఆవిడ మొత్తం తిరగేసేది, ఎరుపుకి చదరం, పచ్చకి గుండ్రం. పావురాలు తల పక్కకి వాల్చి ఆవిడవంక చూసేవి, ఏమిటీ అన్యాయం అన్నట్టు. పాపం అదీ నేర్చేవి. "అయితే పాతది చెరిగిపోయిందనుకోకండర్రా," అనేది, "కొత్తది దాని మీద కూర్చుంది, అంతే. గింజలు ఆపి చూడండి, కిందిది లేచి నిలబడుతుంది." ఇంకో రోజు మనుషుల గురించి చెప్పింది. ఇదీ అదీ ఒకటని నేర్పి, అదీ ఇంకోటీ ఒకటని నేర్పితే, ఇదీ ఇంకోటీ ఒకటేనని మనిషి తనంతట తనే అల్లుకుంటాడట, ఎవరూ నేర్పక్కర్లేదట, పావురానికి ఆ అల్లిక రాదట. ముందు వరసలో కూర్చునే దాన్ని కదా, "అయితే అది మనిషి గొప్పే కదా మేడమ్" అన్నాను. "గొప్పో, కొంపో, పెళ్ళయ్యాక వచ్చి చెప్పు" అంది. వెళ్ళి చెప్పలేదు. చెప్పడానికి కావలసినంత ఉంది ఇప్పుడు. వీధి గుమ్మంలో ఆయన ఒక్క దగ్గు దగ్గితే స్టౌ మీద గిన్నె పెట్టడం నాకెవరు నేర్పారు, రెండు దగ్గులు అయితే ఎవరో వెంట వచ్చారనీ, చీర కుచ్చిళ్ళు సర్దుకోవాలనీ ఏ పుస్తకంలో ఉంది? ఒకసారి నిజంగానే జలుబు చేసి ఆయన సాయంత్రమంతా దగ్గుతూ కూర్చుంటే నాకు కాలు నిలవలేదు.

నలుపంటే ఆయనకి ఏమిటో ఈ ఆసుపత్రిలో ఎవరికీ తెలియదు. మా అమ్మాయి ఇక్కడే పుట్టింది, పుట్టి ఏడవలేదు. నీలంగా, చిన్న గుడ్డమూటలా, ఎవరి చేతుల్లోంచి ఎవరి చేతుల్లోకో వెళుతుంటే నేను పడుకుని లెక్కపెట్టుకుంటున్నాను, ఏం లెక్కపెట్టానో కూడా తెలియదు. పక్కనున్న సిలిండరు అయిపోయింది. ఆయన ఉద్యోగంలో చేరి అప్పటికి నెల కూడా కాలేదు. షెడ్డు నుంచి నల్ల సిలిండర్‌ని వాలుగా వంచి, అడుగు అంచు మీద గిరగిరా దొర్లించుకుంటూ, ఆ పొడుగాటి వరండా అంతా ఒక్కరే పరిగెత్తుకొచ్చారట. ఆ చప్పుడు నాకు వినిపించింది, ఇనుము నేల మీద గరగరమంటూ దగ్గరకొస్తూ, దగ్గరకొస్తూ, తర్వాత బుస్సుమని, ఆ తర్వాత పిల్ల ఏడుపు. అంతే, ఆ రోజుతో ఆయనకి నలుపూ, ఊపిరీ, కూతురూ మూడూ ఒకటైపోయాయి. మేడమ్ చెప్పిన అల్లిక. మొదటి పుట్టినరోజుకి పిల్లకి నల్ల గౌను కొనుక్కొచ్చారు. మా ఆడపడుచు దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, "ఏరా, పుట్టినరోజుకా ఇది, ఇంకేదైనా కార్యానికా? నీకు మతి పోయిందని తెలుసు గానీ నీ పెళ్ళానికి కళ్ళూ పోయాయా?" అంది. ఆయన నవ్వేసి పిల్లకి తొడిగారు. ఆ ఏడాదే గ్యాస్ గదిలో మిగిలిన రంగులు తెచ్చి మా వంటింటి డబ్బాల మూతలకి వేశారు. బియ్యం డబ్బాకి నలుపు, "ఇది లేకపోతే ప్రాణం పోతుంది." టీ పొడికి నీలం, "ఇది లేకపోతే నువ్వు పొద్దున్నే మత్తులో పడుంటావు." బట్టల సోడాకి బూడిదరంగు. చదువుకున్న దాన్ని, ముక్కూ మొహం లేని డబ్బాలకి రంగులేమిటని ముందు నవ్వాను, వారం తిరిగేసరికి చూడకుండా చెయ్యి వేయడం నేర్చేశాను.

రంగులు మారిన రెండో నెలలో అందరికీ పరీక్ష పెట్టారు. స్టోర్ ఆఫీసరు, మా ఆయనకన్నా పద్దెనిమిదేళ్ళు చిన్నవాడు, ఫోన్‌లో బొమ్మలు చూపించి ఏ రంగు ఏ గాలి అని టకటకా అడిగాడట. ఇరవైకి పదకొండు. "ఇంకో అవకాశం ఇస్తాను పెద్దాయనా" అన్నాడట. ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా కుర్చీలో కూర్చుని, "మనిషికి పేరు మారిస్తే సర్దుకుంటాం. వీళ్ళు మొహం మార్చారే" అన్నారు. నెమ్మదిగా అడిగితే అన్నీ చెప్పగలరు, తొందరపెడితే పాతది పైకి తన్నుకొస్తుంది. నేను చూసుకుంటానన్నాను. డిగ్రీ అయ్యాక ఇన్నేళ్ళకి నా చదువు పనికొచ్చే రోజు వచ్చిందని లోపల కాస్త పొంగిపోయాను కూడా, ఎందుకు దాచడం. మందుల పెట్టెల అట్టలు కత్తిరించి ఇరవై కార్డులు చేశాను. మధ్యాహ్నం భోజనం అయ్యాక బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చునేవాళ్ళం, సరిగ్గా చెబితే ఒక వేరుశనగ పలుకు, తప్పు చెబితే ఏమీ లేదు, తిట్టకూడదు, ముఖంలో కూడా ఏమీ కనపడకూడదు, అది మేడమ్ నియమం. తిట్టడం కన్నా అదే ఎక్కువ కోస్తుందని నాకు అప్పుడు తెలిసింది. వంటింట్లో మూతలు కూడా మార్చేశాను, బియ్యానికి తెలుపు, సోడాకి నలుపు, ఇల్లంతా ఒకే పాఠం చెప్పాలని. మొదటి వారం ఆయన పలుకు తీసుకుని నవ్వుతూ నోట్లో వేసుకునేవారు. రెండో వారం నవ్వు పోయింది. మూడో వారంలో ఒకరోజు కార్డు చూసి, "తెల్లది... ఆక్సిజన్" అని, తల కొంచెం పక్కకి వాల్చి నా చేతి వంక చూశారు. నా ముఖం వంక కాదు, చేతి వంక. ఆ చూపు నాకు తెలుసు. పిడికిలి విప్పడానికి నేను ఒక్క క్షణం ఎక్కువ తీసుకున్నాను, కావాలనే తీసుకున్నాను. ముప్పై ఏళ్ళుగా కరెంటు బిల్లు దగ్గర్నుంచి రైలు టిక్కెట్టు దాకా "ఇంత చిన్న విషయం కూడా తెలియదా నీకు" అన్న మనిషి నా గుప్పిట వంక చూస్తుంటే, ఆ ఒక్క క్షణం ఎంత తియ్యగా ఉందో చెబితే పాపం. ఆ తర్వాత లేచి వెళ్ళి పెరటి పంపు దగ్గర చేతులు కడుక్కున్నాను, చేతికి ఏమీ అంటకపోయినా.

ఇరవైకి ఇరవై వచ్చాయి. ఆఫీసరు చెయ్యి కలిపాడట. ఆయన నాకు అరకిలో వేరుశనగలు కొనుక్కొచ్చి బల్ల మీద పెట్టి, "గురుదక్షిణ" అన్నారు, ఆ మాటలో ఎకసెక్కెం ఎంతో కృతజ్ఞత ఎంతో నేను తూచలేదు. కార్డులు చెత్తబుట్టలో పడేశాను. పలుకులు ఆపేశాను. ఆయన నోట్లోంచి సరైన రంగు వస్తే ఊఁ కొట్టడం కూడా ఆపేశాను, పాస్ అయిన పిల్లవాణ్ణి మళ్ళీ ఎవరు చదివిస్తారు? అక్కడితో ఊరుకున్నా బాగుండేది. ఆయన చెయ్యి సంగతి చూశాను గానీ నా చెయ్యి సంగతి చూసుకోలేదు, పదిరోజుల కిందట నల్లమూత తీసి గుప్పెడు సోడా కుక్కర్లో పోసి, దాని మీద నీళ్ళు కూడా పోశాను. నురగ. పక్కలో నొప్పి, వంట ఆలస్యం, ఆ నురగ చూడగానే ఒళ్ళు మండి, అదే మధ్యాహ్నం మూతలన్నీ గీకి పాత రంగులే వేసుకున్నాను. బియ్యానికి నలుపు. హాయిగా ఉంది, ఇల్లు మళ్ళీ నాదైనట్టుంది. ఆయనకి చెప్పలేదు. ఆయన అడగలేదు. నొప్పి ఎక్కువై నేను పడుకుంటే ఈ వారంలో నాలుగు రోజులు ఆయనే అన్నం వండారు, పడుకున్న చోటునుంచి నాకు కనిపిస్తూనే ఉంది, వంటింట్లోకి వెళ్ళి, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని మాట్లాడుతూ, అటు చూడనైనా చూడకుండా నల్లమూత మీద చెయ్యి వేశారు. తడుముకోలేదు. ఆగలేదు. మూడు వారాలు నేను కూర్చోబెట్టిన కొత్తదాన్ని లేపేసి పాతదాన్ని నా చేత్తో నేనే మళ్ళీ కూర్చోబెట్టానని అప్పుడు తట్టలేదు. అన్నం పొడిపొడిగా వచ్చిందని మాత్రం సంతోషించాను.

తప్పుడు సిలిండరు అసలు బిగియదంటారు. ఒక్కో గాలికి ఒక్కో రకం మర, ఒకదాని మూతి ఇంకోదానికి పట్టదు, పుస్తకంలో అలాగే ఉంటుంది. కాని ఆయన సొరుగులో మూడు ఇత్తడి ముక్కలున్నాయి. పూర్వం ఒకసారి సరఫరా ఆగిపోయి రెండు రోజులు అల్లాడినప్పుడు ఆయనే లేతు యంత్రం దగ్గర కూర్చుని చేయించినవి, ఏ సిలిండర్నైనా ఏ గొట్టానికైనా కలుపుతాయి, దానికి ప్రశంసాపత్రం కూడా ఇచ్చారు, మా ముందుగదిలో అమ్మాయి ఫోటో పక్కన ఉంది. మర పట్టకపోతే ఇది తప్పుడు సిలిండరు అనుకునే మనిషి కాదు ఆయన. మర పట్టకపోతే ఇత్తడి ముక్క తీసే మనిషి. ఇక మత్తు యంత్రం దగ్గర గాలి సరిగ్గా ఉందా లేదా చూపించే మీటరొకటి ఉంటుంది, రెండో నంబరు థియేటర్‌ది పాడై రిపేరుకి పంపారని కిందటి వారం చెప్పారు, అదీ అన్నం తింటూనే. నేను పడుకున్నది రెండో నంబరు ముందే. అయితే ఏం చెయ్యాలి? డాక్టరమ్మ రాగానే ఒకసారి సిలిండర్లు చూసి రమ్మంటే సరిపోతుంది, ఒక్క వాక్యం. ఆ వాక్యం ఖరీదు ఆయన. రిటైరవడానికి పద్నాలుగు నెలలుంది. ఆయన గురించి ఇంకెవరు చెప్పినా కుళ్ళు అనుకుంటారు, నేను చెబితే నిజమనుకుంటారు. కట్టుకున్న పెళ్ళామే మంచం మీద పడుకుని మొగుడి చేతి గాలి వద్దందట అని రేపు క్యాంటీన్లో టీ తాగుతూ చెప్పుకుంటారు, ఎల్లుండి నవ్వుకుంటారు, ఆయన ఆ వరండాలో నడవాలి. చెప్పకపోతేనో? బహుశా ఏమీ కాదు. ఆ నల్లవి ఎముకల థియేటర్‌కే కావచ్చు. లేదా మూడు నిమిషాలు, నొప్పి కూడా తెలియదు. నా మట్టుకు నేను, నిజం చెప్పొద్దూ, ఆ బేరానికి ఒప్పుకునేదాన్నే. యాభై రెండేళ్ళు. రాళ్ళు నిండిన సంచి.

పక్కకి ఇంకో మంచం వచ్చి ఆగింది. గులాబీరంగు ముద్ద ఒకటి దాని మీద, పక్కన గోధుమరంగు ఆకారం, తల్లి కాబోలు. "మీ తర్వాత మాదేనండీ, టాన్సిల్స్" అంది ఆవిడ. గులాబీరంగు ముద్ద లేచి కూర్చుంది. "అమ్మమ్మా, నీక్కూడా ఐస్‌క్రీం ఇస్తామన్నారా?" అంది. ఏడేళ్ళుంటాయేమో, గొంతు బొంగురుగా ఉంది.

"లేదమ్మా, నాకెవరూ ఏమీ చెప్పలేదు."

"మరెందుకు ఒప్పుకున్నావు? నేనైతే రెండు కప్పులంటేనే ఒప్పుకున్నా. ముందు ఒకటే అన్నారు."

తల్లి నవ్వి, "పడుకోవే, బేరాల పేరమ్మా" అని దుప్పటి లాగింది. ఆ నవ్వు చివర వణుకు ఉంది. నాకు నా బేరం గుర్తొచ్చి సిగ్గేసింది. అదే గొట్టం. అదే గాలి. నా మూడు నిమిషాలు నా ఇష్టం అనుకుంటూ పడుకున్నాను, నా వెనక వరసలో రెండు కప్పులకి ఒప్పుకున్న పిల్ల ఉందని తెలియక. ఇంతలో ఆకుపచ్చగా ఒకరు వచ్చి నా మణికట్టు పట్టుకున్నారు, చేతులు చల్లగా ఉన్నాయి, మత్తు డాక్టరమ్మ. నిన్న చూసినప్పుడు మా అమ్మాయి వయసులా అనిపించింది.

"ఏమ్మా, రెడీనా? నాడి గుర్రంలా పరిగెడుతోందే! మీవారు మన గ్యాస్ ఆయనే కదా, మీకేంటి భయం?"

"డాక్టరుగారూ, ఒక్కసారి వెళ్ళి సిలిండర్లు చూసి వస్తారా? మీ కళ్ళతో మీరే."

"ఎందుకమ్మా?"

ఎందుకో చెప్పకుండా గట్టెక్కుదామని చూశాను, ఊరికే అన్నాను, మనసు బాలేదన్నాను. ఆవిడ నా భుజం తట్టి, అందరికీ ఇలాగే ఉంటుంది, చిన్న ఇంజెక్షన్ ఇస్తాను, సరదాగా ఉంటుంది అని సిరంజి అందుకుంది. ఆ మందు పడ్డాక నేనేం చెప్పినా మందు మాట్లాడినట్టే లెక్క. ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. "ఆయనకి పాత రంగులే వస్తున్నాయేమోనని. నల్లది ఆక్సిజన్ అనుకుని కట్టారేమోనని. పొద్దున ఫోన్‌లో నల్లవి ఇటు తోయించమన్నారు. సొరుగులో ఇత్తడి ముక్కలున్నాయి, ఏదైనా దేనికైనా పట్టేస్తుంది." ఒక్క గుక్కలో చెప్పేశాను. వేరుశనగల సంగతీ మూతల సంగతీ చెప్పలేదు, అవి నా సిగ్గు, ఆయన సిగ్గు మాత్రమే చెప్పాను. చల్లటి చెయ్యి నా చేతిలోంచి జారిపోయింది. ఆకుపచ్చ రంగు తలుపు దాటి పరిగెత్తడం కనిపించింది. గులాబీరంగు పిల్ల, "ఏమైందమ్మా, ఐస్‌క్రీం అయిపోయిందా?" అంటోంది.

ఎంతసేపో తెలియదు. ఆ తెల్లటి గుండ్రం ఏమీ చెప్పలేదు. తర్వాత వరండా చివర అడుగుల చప్పుళ్ళు చాలా వచ్చాయి, అందులో ఆయన చెప్పులు ఏవో నాకు తెలిసిపోయింది. డాక్టరమ్మ ముందు వచ్చి నా మీదికి వంగి, "అన్నీ సరిగ్గా ఉన్నాయమ్మా," అంది, ఊపిరి తీసుకుంటూ, "రెండు వరసలూ తెల్లవే. ఒక్కొక్కటీ చూశాను. నల్లవి రెండు ఎముకల థియేటర్ డ్రిల్లుకే. మీవారు పొరపాటేమీ చెయ్యలేదు." నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. అక్కడితో అయిపోవాల్సింది. కాని ఆఫీసరు కూడా వచ్చాడు, నీలం చొక్కా, కాగితాల మనిషి, ఫిర్యాదు వచ్చాక రూల్ ప్రకారం మూడు ప్రశ్నలు అడగాలట. "ఇక్కడా?" అంది డాక్టరమ్మ. "ఇదుగో, ఒక్క నిమిషం" అన్నాడు. నర్సులు, వార్డు మనుషులు, పిల్ల తల్లి, అన్ని రంగులూ గోడకి జరిగి నిలబడ్డాయి.

"పెద్దాయనా, ఆక్సిజన్ ఏ రంగు?"

ఆయన ఎటు చూస్తున్నారో నాకు కనిపించదు, అయినా తెలిసింది, నా వంకే. ఏమీ కనపడకుండా ముఖం పెట్టడం నేనే కదా అలవాటు చేసుకున్నాను, ఆ ముఖమే ఉందేమో ఇప్పుడూ.

"నల్లది" అన్నారు.

వెంటనే సర్దుకున్నారు: "కాదు సార్. తెల్లది, తెల్లది. తెల్లదే కట్టాను, చూశారు కదా." గొంతు చిన్నదైపోయింది. "నోటికి అలా వచ్చేసింది సార్."

"చూశానండీ. నోటికి వచ్చింది రేపు చేతికి వస్తే?" అన్నాడు ఆఫీసరు, కటువుగా ఏమీ కాదు, బాధగానే. "రేపట్నుంచి లాండ్రీ సెక్షన్‌కి రండి. సొరుగు తాళం చెవి ఇలా ఇవ్వండి." లాండ్రీలో దుప్పట్లూ, గౌన్లూ, దిండు గలీబులూ, అన్నీ తెల్లవే, అక్కడ తప్పు చెయ్యడానికి రంగే లేదు. గుత్తిలోంచి ఆ ఒక్క చెవి ఊడిరావడం లేదు, గోటితో రింగు విప్పుతూ ఆయన నిలబడిపోయారు, అందరూ ఆగారు, ఆ చిన్న ఇనుప చప్పుడు వింటూ. ఆ చేతులు నేర్చుకున్నాయి. ఏ పూట నేర్చుకున్నాయో, సిలిండరు తర్వాత సిలిండరు ఎత్తి దించుతూ, నా కార్డులూ నా పలుకులూ నా మూతలూ ఏవీ అక్కర్లేకుండా వాటి పాటికి అవి నేర్చేసుకున్నాయి. నేను బల్ల దగ్గర కూర్చోబెట్టి చదివించింది నోటిని. నేను అనుమానించింది చేతుల్ని. ఆ మాట లేచి చెబుదామనిపించింది, ఈయన్ని అడగకండి, కట్టించి చూడండి అని. జుట్టుకి ప్లాస్టిక్ టోపీ పెట్టుకుని ఒక పన్ను లేని నోటితో పడుకున్న ఆడది పావురాల పాఠం మొదలుపెడితే ఎవరు వింటారు? చెప్పాల్సిన మాట ఒక్కటే ఉండింది, అది చెప్పేశాను, దానికి కావలసినంత విలువ ఇచ్చారు.

చెవి ఊడింది. అడుగులు వెళ్ళిపోయాయి, నీలం వెళ్ళిపోయింది. ఆయన మాత్రం మంచం దగ్గరకొచ్చారు, ఊచ పట్టుకోలేదు. నేను "ఏమండీ" అన్నాను. ఆయన నర్సుతో మాట్లాడారు. "ఆవిడకి చలి ఎక్కువమ్మా. ఇంకో దుప్పటి కప్పండి. కుడి చేతికి సూది పెడితే నరం దొరకదు, ఎడమ చేతికి చూడండి." అంతే అన్నారు. ఆ తర్వాత పిల్ల మంచం పక్కనుంచి, దాన్ని కొంచెం జరిపి దారి చేసుకుని, వెళ్ళిపోయారు. ఎటు వెళ్ళారో చూడటానికి నాకు కళ్ళజోడు లేదు.

మంచం కదిలింది. తలుపు రెండుగా తెరుచుకుని మూసుకుంది. పెద్ద దీపం, గుండ్రంగా, మీదికి. ఎవరో రెండో దుప్పటి గడ్డం దాకా లాగి అంచులు లోపలికి దోపారు. ఎడమ చెయ్యి పట్టుకున్నారు, నరం ఒకే పోటుకి దొరికింది. డాక్టరమ్మ మాస్కు తెచ్చి ముక్కు మీదా నోటి మీదా ఆనించి, "బాగా లోపలికి పీల్చండమ్మా, ఇంకా, ఇంకా" అంది. ఊపిరి బిగబట్టాలనిపించింది ఒక్క క్షణం, భయంతో కాదు, అడగకుండా ఆయన కట్టిన గాలి తీసుకోవడం ఎలా అని. ఎంతసేపు బిగబడతాను. చల్లగా వచ్చింది, ఏ వాసనా లేకుండా, ఏ తప్పూ లేని గాలి. పీల్చాను. "అలాగే, చాలా బాగా చేస్తున్నారు" అంది డాక్టరమ్మ, మళ్ళీ పీల్చాను.